సాగనంపు పాట

ఆ ఎండాకాలం నేను హైదరాబాదు నుంచి మెదక్‌కు ఒక పాట కోసం వచ్చాను. సెలవులకు వచ్చానని అందరితో చెప్పాను గానీ మనసంతా పాట మీదే ఉంది. అప్పుడు బి.ఎ. రెండో ఏడు, తెలుగు ప్రధాన విషయంగా తీసుకుని చదువుతున్నాను. ప్రబంధాల్లోని నాయికల కళ్లను తామరలతో పోల్చి పోల్చి విసిగిపోయాను. గణాలు లెక్కపెట్టి వేళ్లు అరిగాయి. తెలుగువాళ్లంతా ఒక్క రాష్ట్రమై పదేళ్లు నిండుతున్నాయని ఆ ఏడు కాలేజీలో సభలే సభలు. పరీక్షల చివరి రోజు మా సౌభాగ్యమ్మ మేడం మమ్మల్ని నిలబెట్టి, "వచ్చే ఏడు జానపద సాహిత్యం చదువుకుంటాం. దానికి పాఠ్యపుస్తకం లేదు. మీ ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో ఉంటుందిగా, ఆవిడే పుస్తకం. ఎక్కడా అచ్చు కాని పాట ఒక్కటి పట్టుకు రండి" అన్నారు.

మిగతావాళ్లకేం, వాళ్ల నాయనమ్మలకు మంగళహారతులు ఉంటాయి. మా నాయనమ్మ పేరు ఎలిశిబా. మాది మిషన్ వాళ్ల పేట. మా ఇంటి అరుగు మీద నుంచి చూస్తే పెద్ద చర్చి శిఖరం కనిపించేది గానీ, మేం పోయేది మా పేటలోని పెంకుల చర్చికి. మా నాయన ప్రకాశం మిషన్ బడిలో పంతులు, ఆ చిన్న చర్చికి ఉపదేశి. జూన్‌లో ఆయనను అయ్యగారిని, అంటే పాస్టరును చేస్తారని, పెద్ద చర్చిలో తెల్లంగీ తొడుగుతారని మాట నడుస్తోంది. మా అమ్మ సువార్తమ్మ ఆ తెల్లంగీ గుడ్డను అప్పటికే రెండుసార్లు ఉతికి ఆరేసింది.

మా చర్చిలో అందరం చాపల మీద కూర్చునేవాళ్లం. వెనక గోడకు ఆనించి ఒక పాత ఈత చాప విడిగా ఉండేది. సంఘం కట్టుబాటు తప్పినవాళ్లు దాని మీద కూర్చోవాలి. వాళ్లకు రొట్టె, ద్రాక్షారసం ఇవ్వరు. వాళ్లు ఆ స్థితిలోనే పోతే గంట కొట్టరు. ఎవరు ఆ చాప మీదకు పోవాలో ఆదివారం నిలబడి పేరు పెట్టి చదివేది మా నాయనే. ఎవరి పేరైనా ఆయన ఒకే గొంతుతో చదివేవాడు, ఎక్కువా లేదు తక్కువా లేదు. నా చిన్నప్పుడు ఆ గొంతు వింటే నా పేరే చదువుతాడేమోనని ఒళ్లు ముడుచుకునేదాన్ని.

"నాకేం పాటలొస్తయే, కీర్తనలు దప్ప?" అంది నాయనమ్మ, నేను అడగ్గానే. బియ్యం చెరిగే చేట మాత్రం ఆగింది. "మీ నాయిన గడప దాటనీ, చూద్దాం."

నాయన గడప దాటగానే మొదలుపెట్టింది. నాట్ల పాట, విసురురాయి పాట, కొత్త పెళ్లికూతుర్ని ఏడిపించే పాట. ఆ చివరిదానిలో ఉన్న బూతుకు నేను ఎర్రబడితే, "గిదేంది, బి.ఎ. చదివినవ్, గింతదానికే సిగ్గా?" అని నవ్వింది. నలభై ఏళ్లు లోపల దాచిన పాటలు ఒక్కసారిగా ఊపిరి పోసుకుంటున్నట్టు ఉండేది ఆమె ముఖం. నాకు చెప్పలేనంత సంతోషం. మేడం మెచ్చుకుంటారని కొంత, మా ఇంట్లోనూ ఇవన్నీ ఉన్నాయని ఎక్కువ.

ఒక మధ్యాహ్నం ఆమె పెరట్లో వేపచెట్టు నీడన పప్పు ఏరుతూ, నేనున్నానన్న సంగతి మరిచిపోయి, ఏదో ఎత్తుకుంది. అది ముందు పాటల్లాంటిది కాదు. నెమ్మదిగా, కింది గొంతుతో, ఎవరినో ఇంటి ముందు నిలబెట్టి మాట్లాడుతున్నట్టు ఉంది.

ఎండల్ల వచ్చేటి ఏడూళ్ల తల్లీ
ఎవరింట దిగుతవే ఎర్రంచు చీర

అంతవరకే. చటుక్కున ఆపి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"ఇదే! ఇదే కావాలి నాయనమ్మా. మళ్లీ పాడు."

"వద్దు బిడ్డా. గిది ఇంట్ల పాడేది గాదు." ఆమె ముఖంలో నవ్వు లేదు. "గిది అమ్మవారి పాట. రెండు ముక్కలుంటది. మొదటిది పిలుపు, ఎనుకటిది సాగనంపు. పిలుపు పాడితే సాగనంపు పాడాలె. సాగనంపు పొలిమేర మీదనే పాడాలె. పిలిచి ఊకుంటే మంచిది గాదు."

మా నాయనమ్మ పుట్టిల్లు శివ్వంపేట దాటాక గుట్ట కింద ఉన్న ఊరు. పేరు చెప్పను, ఆ ఊరివాళ్లకు ఇప్పుడు ఇష్టముండదు. ఆ చుట్టూ నాలుగూళ్లలో మశూచి పోసినప్పుడు అమ్మవారిని పొలిమేర దాటించే పాట వాళ్ల ఇంటి ఆడవాళ్లదే. ఇంకొకరు పాడకూడదు, పాడినా ఊరు ఒప్పుకోదు. నాయనమ్మ పిల్లప్పుడు కరువులో పెద్ద చర్చి కడుతుంటే సున్నం మోయడానికి మెదక్ వచ్చింది, ఇక్కడి తాపీమేస్త్రీని చేసుకుంది, బాప్తిస్మం తీసుకుని ఐలవ్వ కాస్తా ఎలిశిబా అయింది. పాట ఊళ్లో ఉన్న చెల్లెలికి పోయింది. ఆ చెల్లెలు కిందటి చలికాలంలో చనిపోయింది.

"ఎలిశిబమ్మా! కీర్తన కొత్తగున్నదే?" అన్న మాట గోడ అవతలి నుంచి వినబడింది. పక్కింటి పౌలు. ఆయన మా సంఘానికి పెద్ద. చెడ్డవాడు కాదు. మా తాత పోయినప్పుడు శవపేటిక చెక్కింది ఆయనే. కాకపోతే పేటలో ఏ ఇంటి మూకుట్లో ఏం వేగుతోందో ఆయన ముక్కుకు తెలిసేది.

"పాతదే పౌలూ, మర్చిపోయిన్రు మీరంత" అంది నాయనమ్మ.  అవతల చెప్పులు మెల్లగా దూరమయ్యాయి.

ఏప్రిల్ సగం గడిచేసరికి శివ్వంపేట వైపు పోయే బస్సు గుట్టకింది ఊరి దగ్గర ఆగడం మానేసింది. దిగేవాళ్లున్నా ఆపకుండా ముందూరికి తీసుకుపోయి దించుతున్నారట. మెదక్ బస్టాండులో దవాఖాన వాళ్లు బల్ల వేసుకుని, దిగినవాళ్ల చేతులు పట్టుకుని టీకాలు వేస్తున్నారు. మా పేటలో సైతం గుమ్మాలకు వేపమండలు కనిపించాయి. ఆదివారం బైబిలు చంకన పెట్టుకుని చర్చికి వచ్చేవాళ్ల గుమ్మాలే అవి. నాయన వాటిని చూసి చూడనట్టు నడిచేవాడు. నాయనమ్మ మాత్రం రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆ వైపు నుంచి వచ్చే బస్సును చూసేది. ఎవరూ దిగకపోతే లేచి లోపలికి వచ్చేది. పాటలు చెప్పడం మానేసింది, నేనూ అడగలేదు.

చివరికి వాళ్లు బస్సులో రాలేదు, ఎడ్లబండిలో వచ్చారు. ఊరి సర్పంచ్ ఇంద్రకరణ్, ఆయనతో నర్సమ్మ అనే ముసలామె. ఇద్దరూ మా అరుగు ఎక్కకుండా కిందే నిలబడ్డారు.

"లోపలికి రాండ్రి" అన్నాడు నాయన.

"వద్దు పంతులూ. మేం వస్తున్న తావు మంచిది గాదు." ఇంద్రకరణ్ మంచి భూమి ఉన్న ఆసామి. మా ఇంటి ముందు ఆయన తలపాగా తీసి చేతిలో పట్టుకోవడం నేను మరిచిపోలేను. "అవ్వా, ఎరుకే గద. పిల్లలు రాలిపోతున్నరు. టీకాలాయన వచ్చి చింతచెట్టు కింద డబ్బా పెట్టుకొని కూసున్నడు. ఒక్కరు తలుపు తీస్తలేరు. నేను కాళ్లు మొక్కిన, బెదిరిచ్చిన. తల్లి ఊళ్లె ఉండంగ సూది పెడితే ఆగ్రహిస్తదంటరు. ఆమెను సాగనంపినంక ఏదన్న చేయమంటరు. సాగనంపేదెవరు? మీ చెల్లె లేకపాయె."

"నా మనుమరాలు పోయింది మొన్న" అంది నర్సమ్మ. ఏడవలేదు, ఊరికే చెప్పింది. "ఇంకొక్కతి ఉన్నది. దానికి ఇంక తగుల్లేదు."

 నాయనమ్మ లోపలికి వెళ్లి వాళ్లకు చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఎడ్లకు కూడా పెట్టింది.

వాళ్లు బండి దగ్గర కూర్చుంటే లోపల మా ఇంట్లో యుద్ధం. "అత్తమ్మా, మీకు దండం పెడత" అని అమ్మ నిజంగానే దండం పెట్టింది. "నెలన్నర ఓపిక పట్టుండ్రి. ఆయన అయ్యగారు అయినంక మీ ఇష్టం. ఇప్పుడు పోతే సంఘం మిమ్ముల వెనక చాప మీద కూసోబెడ్తది. ఆయన గతేంది?"

"నెలన్నరకు ఊళ్లె పిల్లలుంటరా సువార్తా?"

నాయన కిటికీ దగ్గర నిలబడి బండి వైపు చూస్తున్నాడు. "అమ్మా, పోతే సంఘం ఊకోదు" అన్నాడు.

"పోకపోతే దేవుడు ఊకుంటడా?"

  నాయన నావైపు తిరిగి, "లిడియా, నీకు టీకా అయింది గద. నాయినమ్మ ఒక్కతే పోవద్దు. నువ్వు తోడు పో" అని, చొక్కా తొడుక్కుని బడి వైపు వెళ్లిపోయాడు. సెలవుల్లో బడి ఏముంది, తాళం వేసి ఉంటుంది.

నాయనమ్మ బండి ఎక్కే ముందు ఇంద్రకరణ్‌తో బేరం పెట్టింది. "కోడి కొయ్యొద్దు. కల్లు పొయ్యొద్దు. నేను మొక్కను, పాడిపోత. పాడినంక ఇంటింటికి తలుపు తియ్యాలె, ప్రతి పిల్లకు టీకా పడాలె. ఒప్పుకుంటెనే వస్త."

"ఒప్పుకుంటరవ్వా."

మరునాడు ఆ ఊళ్లోకి అడుగు పెట్టినప్పుడు మొదట గమనించింది నిశ్శబ్దం. మధ్యాహ్నం పూట ఊళ్లో ఏదో ఒక చప్పుడు ఉంటుంది కదా. రోకలో, కుక్కో, తిట్టో. ఏమీ లేదు. వాకిళ్లన్నీ మూసి ఉన్నాయి, ప్రతి గుమ్మానికీ వేపమండలు. ఒక్క ఇంటి తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంది. ఎందుకని అడగబోయి, నర్సమ్మ ఆ ఇంట్లోకే వెళ్లడం చూసి నోరు మూసుకున్నాను. చింతచెట్టు కింద టీకాలాయన డబ్బా మీద చెయ్యి వేసుకుని కునికిపాట్లు పడుతున్నాడు.

పొద్దు వాలుతుండగా ఆడవాళ్లు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. కొత్త కుండలో అంబలి, పసుపు, వేపాకు. మట్టి మూకుట్లో గండదీపం వెలిగించారు. పాడే మనిషి ముందు ఒకరు ఆ దీపం పట్టుకుని నడవాలి. ఆరిపోనివ్వకూడదు, మాట్లాడకూడదు, వెనక్కి చూడకూడదు. ఎప్పుడూ నర్సమ్మే పట్టేదట. కానీ ఆమె ఇల్లు మైలలో ఉంది.

నాయనమ్మ ఆడవాళ్లందరి ముఖాలూ ఒకసారి చూసింది. తరవాత దీపం తీసుకుని నా ముందుకు చాపింది. "పట్టు."

"అవ్వా, జర సోంచాయించు" అంది గుంపులో ఎవరో. "చదువుకుంటున్న పిల్ల."

"చదువుకుంటున్న పిల్లనే గావాలె" అంది నాయనమ్మ.

వాళ్లు ఎందుకు అలా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారో నాకు అర్థం కాలేదు. నేను దీపం పట్టుకున్నాను. మూకుడు వేడికి అరచేతులు చురచురలాడాయి. వెనక నాయనమ్మ పిలుపు ఎత్తుకుంది. పెరట్లో విన్న గొంతు కాదది. ఇంటింటి దగ్గరా ఆగి, పేరు పేరునా ఆ తల్లిని బయటికి రమ్మని బతిమాలింది, తినమంది, చల్లబడమంది. ఊరి చివర రాయి దగ్గరికి వచ్చేసరికి పొద్దు గూకింది. అక్కడ గొంతు మారింది.

పొలిమేర దాటంగ పొద్దు గూకింది
ఎనుకకు జూడకే ఎల్లిపో తల్లీ

ఇంకా చాలా ఉంది. నేను ఏ పాట కోసం హైదరాబాదు నుంచి వచ్చానో ఆ పాట మొత్తం నా వీపు వెనక నడిచింది, నేను మాత్రం దీపం ఆరకుండా చూసుకోవడంలో పడి ఒక్క ముక్క పట్టుకోలేదని అనుకున్నాను. గాలి లేదు. అయినా రాయి దాటగానే దీపం దానంతట అదే పక్కకు వంగింది. నా వెనక ఆడవాళ్లందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు.

తెల్లారి చింతచెట్టు కింద బారు కట్టారు. నర్సమ్మ రెండో మనుమరాలు చెయ్యి చాపి, సూది చూసి టీకాలాయనను కొరికింది. ఊరంతా నవ్వింది. నాయనమ్మ ఆఖరి పిల్ల అయ్యేదాకా ఎండలో అక్కడే కూర్చుంది.

తిరుగు బస్సు కోసం పక్క ఊరిదాకా నడిచాం. బస్సులో, "నాకు ఒక్క వాక్యం కూడా గుర్తులేదు నాయనమ్మా" అన్నాను, ఏడుపు ముఖంతో.

"ఉంటది. దీపం పట్టిన మా ఇంటి ఆడిపిల్లకు పాట ఉంటది. నేను గట్లనే నేర్చిన, మా అమ్మ ముందర దీపం పట్టి." కళ్లు మూసుకుంది. "నా చెల్లె పోయినంక ఎవరికియ్యాలెనో అని మస్తు పరేషాన్ ఉండె."

బయట వడగాలి కొడుతోంది.  ఇంకేమన్నా అడుగుదామంటే ఆమె నిద్రపోయింది.

ఇంటికి వచ్చాక నాయన ఒక్క మాటే అడిగాడు. "టీకాలు?"

"అందరు వేసుకున్నరు."

"సరే" అన్నాడు.

ఇలాంటి మాట దాగదు. వారం తిరక్కుండానే పౌలు, మరో ఇద్దరు పెద్దలు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. నేను లోపలి గదిలో తలుపు వెనక ఉన్నాను.

"ఎలిశిబమ్మా, ఎవరెవరు పోయిండ్రు?"

"నేనొక్కదాన్నే."

నేను తలుపు మీద చెయ్యి వేశాను. అమ్మ నా జబ్బ పట్టుకుంది, గోళ్లు దిగేలా.

"నాకు మాత్రం సంతోషమా?" అన్నాడు పౌలు.  "సంఘం ముందర తప్పయిందని ఒక్క మాట చెప్పుండ్రి. ఒక్క ఆదివారంతోని అయిపోతది."

"పాడుడు తప్పంటే చెప్పుదును పౌలూ. పిల్లలు బతికిన్రు గద, అది గూడ తప్పయిందని ఎట్ల చెప్పాలె?"

పౌలు తల దించుకున్నాడు. పోతూ పోతూ నాయనతో మెల్లగా అన్నాడు. "నీకు కష్టమైతే ఇంకొకరు చదువుతరు ప్రకాశం. కని నువ్వెందుకు చదువలేదని పైవాళ్లు అడుగుతరు. జూన్ దగ్గర పడ్డది."

"నేనే చదువుత" అన్నాడు నాయన.

ఆ ఆదివారం చర్చి కిక్కిరిసి ఉంది. ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చారు, చోద్యం చూడ్డానికి జనానికి తీరిక ఎప్పుడూ ఉంటుంది. నాయనమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుని, ఎప్పటిలాగే ఆడవాళ్ల వైపు మొదటి వరుసలో, నాకూ అమ్మకూ ముందు కూర్చుంది. కీర్తన అయింది. ప్రార్థన అయింది. నాయన కాగితం తీశాడు.

తాగి కొట్లాడినవాడి పేరు చదివాడు. అతను లేచి వెనక్కి పోయాడు. సంఘానికి చెప్పకుండా బిడ్డ పెళ్లి చేసినవాడి పేరు చదివాడు. అతనూ పోయాడు. తరవాత నాయన నోరు తెరిచాడు, మాట రాలేదు. కాగితం వైపే చూస్తున్నాడు. ఎన్నేళ్లుగానో విన్న ఆ గొంతు, ఎక్కువా తక్కువా లేని ఆ గొంతు, మొదటిసారి ఆగిపోయింది. మగవాళ్ల వైపు ఎవరో దగ్గారు. 

నాయనమ్మ నేల మీద చెయ్యి ఆనించి, మోకాళ్లు పట్టుకుని లేచి నిలబడింది.

"చదువు కొడుకా" అంది, ఇంట్లో పిలిచినట్టే. "నేను లేచిన."

నాయన చదివాడు. "ఎలిశిబా." మామూలు గొంతే.

ఆమె వెనక్కి నడిచింది. నేను కూడా లేవబోయాను. నా పక్కగా పోతూ నా భుజం మీద చెయ్యి పెట్టి కిందికి నొక్కింది. ముసలి చెయ్యి, సున్నం మోసిన చెయ్యి, ఆ బరువుకు నేను లేవలేకపోయాను.  గోడ దాకా వెనక్కి తిరక్కుండా పోయి ఆ ఈత చాప మీద కూర్చుంది.

జూన్‌లో నాయనకు పెద్ద చర్చిలో తెల్లంగీ తొడిగారు. నేను కాలేజీకి నాట్ల పాట పట్టుకుపోయాను. మేడం చాలా మెచ్చుకున్నారు. అమ్మవారి పాట ఇవ్వలేదు, ఇవ్వాలంటే రెండు ముక్కలూ ఇవ్వాలి కదా. ఒక రాత్రి హాస్టల్లో జడ అల్లుకుంటూ ఉంటే అది మొదటి నుంచి చివరిదాకా, ఒక్క మాట పొల్లు పోకుండా నా నోటికి వచ్చింది. భయంతో నోరు మూసుకున్నాను.

నాయనమ్మ క్రిస్మస్ చూడలేదు. తప్పయిందని చివరిదాకా అనలేదు కనుక గంట కొట్టలేదు, తాత పక్కన చోటివ్వలేదు. సమాధుల తోటలో గోడ వారగా పెట్టారు. నాయన తెల్లంగీ లేకుండా, మామూలు ధోవతితో, అందరిలో ఒకడిగా నిలబడి మట్టి వేశాడు.

తరవాతి ఎండాకాలం నేను బి.ఎ. ఆఖరి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. ఒక పొద్దున మా ఇంటి ముందు ఎడ్లబండి ఆగింది. ఇంద్రకరణ్. ఆయన వెనక పక్క ఊరివాళ్లు నలుగురు, అరుగు ఎక్కకుండా, తలపాగాలు చేతిలో పట్టుకుని.

నాయన బయటికి వచ్చాడు. "మా అమ్మ లేదు ఇంద్రకరణ్. నీకెరుక లేదా?"

"ఎరుకే అయ్యగారూ. ఈసారి ఈళ్ల ఊళ్లె పోసింది. సూదికి తలుపులు తీస్తలేరు." ఆయన గొంతు తగ్గించాడు. ఆయన కళ్లు నాయన భుజం మీదుగా గుమ్మంలో నిలబడ్డ నా మీద ఆగాయి. "మేం వచ్చింది చిన్నమ్మ కోసం. నిరుడు దీపం పట్టింది ఆమెనే గద."

లోపల అమ్మ చేతిలోంచి చెంబు జారిపడింది. నాయన నావైపు తిరిగాడు. నిరుడు నన్ను తోడు పంపింది ఆయనే. ఏ పనికి పంపాడో ఇప్పుడు అర్థమైంది ఆయనకు. చాలాసేపు నన్నే చూశాడు, నా ముఖంలో వాళ్ల అమ్మ ఎక్కడన్నా కనిపిస్తుందేమోనని వెతుకుతున్నట్టు. మా చర్చిలో వెనక గోడ దగ్గర ఈత చాప ఇంకా అలాగే ఉంది. పేర్లు చదివేది ఇప్పటికీ ఆయనే.

"బండి ఎప్పుడు కడ్తరు?" అని అడిగాడు నాయన, ఆదివారం పేర్లు చదివే గొంతుతో.